నూట పదిహేడో బూత్‌లో ఆశ శాతం

సుస్థిర గణతంత్రంలో ఎన్నికలంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అయిదేళ్ళకోసారి ఠంచనుగా వచ్చేవి, సాయంత్రం అయిదింటికి ఠంచనుగా అయిపోయేవి. ఇరవై రెండేళ్ళుగా గొడుగు గుర్తు మీద నిలబడుతున్న మహాసంరక్షకుల వారే గెలిచేవారు. ఓడిపోవడానికి కూడా ఒకరు కావాలి కనక ఎన్నికల సంఘం వారే దయతలచి ఒక ప్రతిపక్షాన్ని బతికించి ఉంచారు. దానికి జల్లెడ గుర్తు ఇచ్చారు. జల్లెడ తరఫున రిటైరైన కాంపౌండరు ఒకాయన నిలబడేవాడు. ఆయనకి ప్రచారానికి ఒక రోజు, సభ పెట్టుకోవడానికి శ్మశానం పక్క ఖాళీ జాగా, కరెంటు లేని గంటల్లో మైకు వాడుకోవడానికి అనుమతి ఉండేవి. ఇంతకు మించిన ప్రజాస్వామ్యం భూమ్మీద లేదని ఆరో తరగతి పుస్తకంలో రాసి ఉంది.

ఇలా సాఫీగా సాగుతున్న వ్యవహారంలోకి కిందటి ఎన్నికలప్పుడు విదేశీ పరిశీలకులు వచ్చి పడ్డారు. చూశారు, తిన్నారు, వెళ్ళారు. వెళ్ళాక నూట నలభై పేజీల నివేదిక పంపారు. నూట ముప్ఫై తొమ్మిది పేజీలూ మర్యాదగానే ఉన్నాయి. చివరి పేజీలో మాత్రం ఒక వాక్యం రాశారు: "పోలింగు ప్రశాంతంగా జరిగింది గాని, ఓటర్ల ముఖాల్లో ఎక్కడా ఆశ కనిపించలేదు."

మహాసంరక్షకుల వారు మనసు నొచ్చుకుని రెండు పూటలు భోజనం మానేశారని రేడియోలో చెప్పారు. మూడో పూటకి ఎన్నికల సంఘం ఉత్తర్వు నలభై ఒకటి వెలువడింది. దాని సారాంశం ఇది: ప్రజాస్వామ్యం పట్ల ప్రజలకు గల ఆశ ఏ పోలింగ్ కేంద్రంలోనూ అరవై శాతానికి తగ్గరాదు, డెబ్బై అయిదు శాతానికి మించరాదు. తగ్గితే విదేశీయులు బాధపడతారు. మించితే మహాసంరక్షకుల వారు బాధపడతారు.

ఈ ఉత్తర్వు అమలు చేయడానికి ప్రతి బూత్‌కీ ఒక ఆశాధికారిని వేశారు. నూట పదిహేడో బూత్‌కి దాలినాయుణ్ణి వేశారు.

దాలినాయుడు తాలూకా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. వాళ్ళ ఇంటావంటా డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. తండ్రి క్వారీలో రాళ్ళు కొడతాడు. ఉద్యోగంలో చేరి ఏడాది పది నెలలైంది. ఇంకో రెండు నెలలు సజావుగా గడిస్తే ప్రొబేషన్ పూర్తయినట్టు కాగితమిస్తారు, అప్పుడు ఉద్యోగం గట్టిపడుతుంది. సజావుగా గడవకపోతే క్వారీలో సమ్మెట ఎలాగూ ఖాళీగానే ఉంది. అందుకని దాలినాయుడు రాసి ఉన్నది రాసినట్టు చేసేవాడు. చదువుకున్నవాడికి అంతకంటే క్షేమమైన దారి అతనికి కనపడలేదు.

తాలూకా ఎన్నికల అధికారి దక్షిణామూర్తి గారు ఆశాధికారులకి ఒక రోజు శిక్షణ ఇచ్చారు. గోడకి అయిదు ముఖాల బొమ్మలు తగిలించారు. మొదటిది శుద్ధ నిరాశ, అయిదోది నిండు ఆశ.

"మూడో బొమ్మకీ నాలుగో బొమ్మకీ నడుమ మన ప్రజానీకం నిలిచి ఉండవలెను," అన్నారు దక్షిణామూర్తి గారు బెత్తంతో చూపిస్తూ. "అయిదో బొమ్మ ఎంతమాత్రం కూడదు. అధికాశ అనేది అశాంతికి ప్రథమ సోపానము. ఎవరికైనా సందేహములున్నవా?"

దాలినాయుడు లేచి నిలబడ్డాడు. "సార్, ఎండ వల్ల కళ్ళు చికిలించినా నాలుగో బొమ్మలాగే ఉంటుందండి. తేడా ఎలా తెలుస్తుందండి?"

"ఏ ఊరయ్యా నీది?"

"రాళ్ళపాలెం సార్."

"అదే అనుకున్నాను. కూర్చో."

మర్నాడు దాలినాయుడు ఆశ పత్రాల కట్ట చంకన పెట్టుకుని, మోకాలి లోతు వాగు దాటి, ఈదురువలస వెళ్ళాడు. నూట పదిహేడో బూత్ అంటే ఆ ఊరి బడే. ఓటర్లు ఆరువందల పన్నెండు మంది. ఊరి మొదట్లో బోడెయ్య టీ బడ్డీ ఉంది. అక్కడ బల్ల మీద ఎర్నమ్మ అనే ముసలమ్మ చుట్ట కాలుస్తూ కూర్చుంది. దాలినాయుడు ఆవిడ ఎదురుగా పత్రం పరిచాడు.

"మామ్మా, ఒక ప్రశ్న అడగాలి. ప్రజాస్వామ్యం మీద నీకు ఆశ ఎంతుంది? నూటికి చెప్పాలి."

"ఏటి?"

"ఆశ. నీ ఓటు వల్ల మంచి జరుగుతుందని ఎంత అనుకుంటున్నావు?"

ఎర్నమ్మ చుట్ట తీసి పక్కకి ఉమ్మింది. "నాను ఓటేత్తే గదా నాయనా, అది మంచి సేత్తాదో సెడ్డ సేత్తాదో తెలిసీది. ఓట్ల లిస్టులో పేరొచ్చిన కాడి నుంచి నాలుగుసార్లు ఎల్లినాను. ఎల్లగానే 'ఓలమ్మ, నీ ఓటు అయిపోనాది, శెమ పడకు' అని ఏలికి సుక్క ఎట్టి పంపించేత్తారు. మా ఆయన బతికున్నప్పుడు ఆడికీ అంతే. నా మొగుడు సచ్చిపోయి ఆరేళ్ళు. ఆడి ఓటు ఇప్పుటికీ పడతన్నాది. ఆడికున్నపాటి అదురుష్టం నాకు నేదు."

"పోనీ, రాబోయే రోజుల్లో—"

"నానేటి కోరినాను బాబూ? గొడుగు గెలవనీ, గంప గెలవనీ. ఆ ముద్దర కొయ్య నా సేత్తో ఒక్కపాలి పట్టుకుని గుద్దాలని ఉన్నాది. సచ్చేలోపు ఒక్కపాలి. దానికి నూటికెంతో నువ్వే రాసుకో."

బోడెయ్య గ్లాసులు కడుగుతూ అందుకున్నాడు. "నాకు సున్నా రాసెయ్ బాబూ. సున్నాకి కింద ఏటైనా ఉంటే అది రాసెయ్."

ఊరంతా తిరిగి లెక్క కడితే సగటు పదకొండు తేలింది. ఆ పదకొండు కూడా కొత్తగా పెళ్ళయిన రెండిళ్ళ వల్ల వచ్చింది.

పదకొండంటే ఉద్యోగం పోయినట్టే. దాలినాయుడు రెండు రోజులు ఉత్తర్వు నలభై ఒకటిని మొదటి నుంచి చివరకి, చివర నుంచి మొదటికి చదివాడు. అతనికి ఒక ఉపాయం తోచింది. అసలు పోలింగు మొదలయ్యే ముందు, పెట్టె సరిగా ఉందో లేదో చూడటానికి అధికారులు పది కాగితాలు ముద్రేసి పెట్టెలో వేసి, తీసి, కాల్చేసే ఆచారం ఒకటుంది. దాన్ని నమూనా పోలింగు అంటారు. లెక్కలోకి రాదు కనక దాని జోలికి ఎవరూ రారు. ఆ పది కాగితాలూ అధికారులే ఎందుకు వేయాలి, ఊరివాళ్ళ చేతే ఎందుకు వేయించకూడదు, పది బదులు ఆరువందల పన్నెండు ఎందుకు కాకూడదు అని అతను వినయంగా ఒక అర్జీ రాశాడు.

దక్షిణామూర్తి గారు అర్జీ చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అనగా, ప్రజలు తమ ఓటును తామే వేయుదురు. కాని అది చెల్లదు."

"అవునండి."

"చెల్లని ఓటును స్వేచ్ఛగా వేసుకొనుటకు మన ప్రభుత్వమునకు అభ్యంతరము ఉండవలసిన అవసరమేమున్నది? భేష్."

ఎన్నికలకి ఇరవై రోజులు ఉన్నాయనగా ఈదురువలసలో నమూనా పోలింగు పెట్టారు. దాలినాయుడు నిజాయితీగా ముందే దండోరా వేయించాడు, ఇది లెక్కలోకి రాదు, సాయంత్రం కాగితాలు కాల్చేస్తారు అని. అయినా తెల్లారేసరికి బడి ముందు నుంచి వాగు దాకా వరస. ఆడవాళ్ళు పెళ్ళికి కట్టే చీరలు కట్టుకొచ్చారు. మంచం పట్టినవాళ్ళని మంచంతో సహా తెచ్చారు. బోడెయ్య బడ్డీ మూసేసి మరీ వచ్చాడు. ఎర్నమ్మ అయితే ముద్దర కొయ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనేటి? ఇంత బుల్లిదా? దీనికా ఇరవై రెండేళ్ళు నన్ను తిప్పినారు?"

గుద్దింది. గుద్దిన చప్పుడు బయట వరసలోకి వినపడింది. వరసలో వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

సాయంత్రం దాలినాయుడు ఆశ పత్రాలు నింపాడు. తొంభై నాలుగు శాతం వచ్చింది. అతను సంతోషంగా ఆ అంకె ఆఫీసుకి పంపాడు. మర్నాడు సంజాయిషీ నోటీసు వచ్చింది.

"పందొమ్మిది శాతము అధికము!" అన్నారు దక్షిణామూర్తి గారు ఫోనులో. "ఏమనుకొనుచున్నావు నీవు? ఇది ఎన్నికయా, తిరుగుబాటా? వారము దినములలో డెబ్బై అయిదు లోపునకు దించనిచో నీ ప్రొబేషన్ విషయము నేను మరచిపోవలసి వచ్చును."

దాలినాయుడు మళ్ళీ వాగు దాటాడు.

"మామ్మా, నువ్వు వేసిన కాగితం కాల్చేశాం. నా కళ్ళ ముందే కాలిపోయింది."

"సెప్పినావు గదా."

"మరి బాధ లేదా?"

"ఏటి బాద? లెక్కెట్టరని తెలిసే గదా మనసుకొచ్చింది గుద్దినాం. లెక్కెడతారంటే బయమేసి గొడుగు మీదే గుద్దుదుం."

ఆశ తొంభై నాలుగు దగ్గరే నిలిచిపోయింది. పోలీసుని పెట్టి చూశారు. ఎర్నమ్మ అతన్ని కూర్చోబెట్టి గంజి పోసింది. బస్సు ఆపేసి చూశారు. ఆ బస్సు వాగు వల్ల ఎలాగూ ఊళ్ళోకి వచ్చేది కాదు. చివరికి దక్షిణామూర్తి గారు ఆఖరి అస్త్రం తీశారు. మంత్రిగారు స్వయంగా వచ్చి వాగు మీద వంతెనకి ఆరోసారి శంకుస్థాపన చేశారు. కొబ్బరికాయ పగిలీ పగలకముందే ఆశ ఎనభై ఒకటికి పడిపోయింది. మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. డెబ్బై ఆరు. ఏడాదిలో పూర్తి చేస్తామని ప్రమాణం చేశారు. డెబ్బై నాలుగు. దాలినాయుడు పరుగున వెళ్ళి మైకు తీగ పీకేశాడు, ఇంకాసేపు మాట్లాడితే అరవై కిందికి పోయేట్టుంది.

ఈ అద్భుతమైన అంకె రాజధాని దాకా వెళ్ళింది. దేశం మొత్తం మీద హద్దుల్లో ఉన్న ఆశ ఈదురువలసలోనే దొరికింది. మిగతా బూత్‌లన్నీ తొమ్మిదికీ పద్నాలుగుకీ మధ్య కొట్టుకుంటున్నాయి. అందువల్ల పరిశీలకులకి చూపించవలసింది నూట పదిహేడో బూత్‌నే అని నిర్ణయమైంది. వాళ్ళ కార్యక్రమంలో పన్నెండు బూత్‌లు వేశారు గాని పదకొండింటి దగ్గర భోజనం ఏర్పాటు చేశారు. ఆ భోజనాల తరవాత నడవగలిగే ఓపిక ఒక్క బూత్‌కే మిగులుతుందని సంఘం వారు ముందే లెక్క వేశారు.

దీనితో బాటు సంఘం వారు పరిశీలకుల మెప్పు కోసం ఉత్తర్వుకి ఒక తొమ్మిదో నిబంధన కలిపి పత్రికలన్నిటికీ ఇచ్చారు: పరిశీలకులు దర్శించిన బూత్‌లో వారి స్వహస్తాలతో లక్క ముద్ర వేసిన పెట్టెనే లెక్కించాలి, ముద్ర లేని పెట్టెను నమూనాగా భావించి కాల్చివేయాలి. విదేశాల్లో దీనికి మంచి పేరు వచ్చింది. ఆ మంచి పేరులో పడి దాని అర్థం ఏమిటో ఎవరూ ఆలోచించలేదు.

పోలింగు రోజున బడిలో రెండు గదులు సిద్ధం చేశారు. ముందు గదిలో నమూనా పోలింగు. ఊరివాళ్ళు వస్తారు, ఆశగా ఓట్లు వేస్తారు, పరిశీలకులు చూస్తారు. వెనక వంట గదిలో అసలు పోలింగు. అక్కడ గొడుగు పార్టీ వాళ్ళు ముగ్గురు కూర్చుని, ఎప్పటిలాగే ఊరందరి ఓట్లూ ఊరికి శ్రమ లేకుండా వేస్తారు. ముందు గది గుమ్మం మీద 'నమూనా' అని బోర్డు కట్టాడు దాలినాయుడు.

"ఆ బోర్డు ఎందుకయ్యా?" అన్నారు దక్షిణామూర్తి గారు గుడ్లురిమి.

"నమూనా జరిగే చోట బోర్డు ఉండాలని నియమం సార్. పద్నాలుగో పేజీ."

"పరిశీలకులు చూచినచో?"

"తెలుగు రాదు కదండి వాళ్ళకి."

తెలుగు రాని ముగ్గురు పరిశీలకులు మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చారు. వాళ్ళ పెద్ద మార్గిట్ గారు పొడుగాటి మనిషి, పదకొండు భోజనాల అలసటతో ఉంది. వాగు దాటి, వరస చూసేసరికి ఆవిడ అలసటంతా పోయింది. చీరలు చూసింది. మంచాలు చూసింది. తెర చాటుకి ఒక్కొక్కరే వెళ్ళడం, కాగితం మడిచి రావడం చూసింది. ఎర్నమ్మ పెట్టెలో కాగితం వేసి, పెట్టెని రెండుసార్లు తట్టింది, చూలుతో ఉన్న ఆవుని తట్టినట్టు. మార్గిట్ గారు కళ్ళు తుడుచుకుంది. బోర్డు కింద నిలబడి అందరితో ఫొటో తీయించుకుంది.

"ఆవిడ ఏటంటన్నాది బాబూ?" అంది ఎర్నమ్మ.

"ఇలాంటి ఎన్నిక ప్రపంచంలో ఎక్కడా చూడలేదట మామ్మా."

"నిజమే సెప్పింది పాపం."

మూడు గంటలకి ఓట్లు అయిపోయాయి. మార్గిట్ గారు సంచిలోంచి లక్క తీసి, కరిగించి, పెట్టె మూత మీద నాలుగు వైపులా పోసి, తన ఉంగరంతో నాలుగు ముద్రలూ వేసి, ఓడరేవుకి వెళ్ళిపోయింది. వంట గది వైపు ఎవరూ ఆవిణ్ణి తీసుకెళ్ళలేదు. అక్కడ పప్పు మాడిందని చెప్పారు.

పెట్టెని లెక్కింపు కేంద్రానికి తీసుకెళ్ళే జీపు వాగులోంచి దాటి వచ్చి గుమ్మంలో నిలబడింది. అరుగు మీద రెండు పెట్టెలు పక్కపక్కన ఉన్నాయి. ఊరంతా చుట్టూ చేరింది. దాలినాయుడు వంగి ముద్రలున్న పెట్టె ఎత్తాడు.

"అది కాదయ్యా," అన్నారు దక్షిణామూర్తి గారు. "అది నమూనా. రెండవది ఎక్కించు."

"ముద్ర లేనిది నమూనా అని ఉంది సార్. తొమ్మిదో నిబంధన."

"అది పత్రికలకు! నీకు కాదు!"

దాలినాయుడికి ధిక్కారం తెలియదు. భయం తెలుసు. రేపెవరైనా వచ్చి, ముద్ర ఉన్న పెట్టె ఏదోయ్, ఎవరు మార్చమన్నారు అంటే చూపించడానికి తన దగ్గర ఏముంటుంది? దక్షిణామూర్తి గారు తనకేం తెలియదంటారు. అప్పుడు క్వారీ కూడా కాదు, జైలు. అతను పెట్టె కింద పెట్టకుండానే, ఆఫీసులో చేరిన మొదటి రోజున పాత గుమాస్తా నేర్పిన మాట అన్నాడు.

"రాసివ్వండి సార్."

దక్షిణామూర్తి గారు అడుగు వెనక్కి వేశారు. "ఏమిటి?"

"ముద్ర లేని పెట్టె ఎక్కించమని రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టివ్వండి. ఇప్పుడే ఎక్కించేస్తాను."

దక్షిణామూర్తి గారు జేబులోంచి కలం తీశారు. కలం వైపు చూశారు. మళ్ళీ జేబులో పెట్టుకుని జిల్లా అధికారికి ఫోను చేశారు. జిల్లా అధికారి, "తప్పక మార్పించండి, అయితే నేను చెప్పినట్టు ఎక్కడా ఉండకూడదు," అన్నారు. రాసిస్తారా అని అడిగితే లైను తెగిపోయింది. సంఘం కార్యదర్శికి చేశారు. ఆయన, "ఇటువంటి చిన్న విషయములకు నన్ను కదపవచ్చునా? మీ విచక్షణ మేరకు నేను కోరిన విధముగా చేయండి," అన్నారు. రాసిస్తారా అంటే ఆయన స్నానానికి వెళ్ళిపోయారు. చివరికి మహాసంరక్షకుల వారి శిబిరానికే చేశారు. అక్కడి ఆంతరంగికుడు చాలా మర్యాదగా విషయం చెప్పాడు. మహాసంరక్షకుల వారు ఇరవై రెండేళ్ళలో ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఫొటో కావాలంటే ఇస్తారు.

ముప్పావు గంట గడిచింది. పెట్టె పట్టుకుని దాలినాయుడి చేతులు లాగేస్తున్నాయి. ఎర్నమ్మ దగ్గరికొచ్చి ఒక పక్క చెయ్యి వేసింది. "బాబూ, ఈ పాలి లెక్కెడతారేటి?"

"తెలీదు మామ్మా."

"లెక్కెడితే," అంది ఆవిడ నెమ్మదిగా, "మాకు కొంచెం బయమే."

"నాకూ భయమే."

"అయితే దించకు," అంది.

బోడెయ్య వెనక నుంచి అరిచాడు. "సారుగారూ, రాయడానికి కాయితం నేదేటండీ? మా బడ్డీలో అట్టముక్కలున్నాయి, తెమ్మంటారా?"

అయిదు లోపు లెక్కింపు కేంద్రం చేరకపోతే పెట్టె చెల్లదు. ఏ బూత్ పెట్టె చేరకపోయినా తాలూకా ఎన్నికల అధికారిని సస్పెండ్ చేస్తారు. అది రాతపూర్వకంగానే ఉంది, దాని కింద సంతకం కూడా ఉంది. ఆ అధికారి దక్షిణామూర్తి గారే. నాలుగూ ఇరవైకి ఆయన ముఖం పక్కకి తిప్పుకుని, ఎవరితోనూ కాకుండా, "నేనేమీ చూడలేదు," అన్నారు. దాలినాయుడు లక్క ముద్రల పెట్టె జీపులోకి ఎక్కించాడు. ముద్ర లేని పెట్టెని నియమం ప్రకారం అరుగు ముందు కాల్చాడు. గొడుగు పార్టీ వాళ్ళు ముగ్గురూ తాము పొద్దుటి నుంచి పడ్డ కష్టం కాలిపోతుంటే అరచేతులు చూసుకుంటూ నిలబడ్డారు. ముద్ర గుద్ది గుద్ది పొక్కులెక్కాయి పాపం.

ఫలితాలు వచ్చాయి. దేశమంతటా గొడుగుకి తొంభై ఎనిమిది శాతం. నూట పదిహేడో బూత్‌లో జల్లెడకి అయిదువందల ముప్ఫై ఎనిమిది, గొడుగుకి నలభై ఒకటి.

దక్షిణామూర్తి గారు ఆ రోజే దాలినాయుడి సస్పెన్షన్ ఉత్తర్వు టైపు చేయించారు. సంతకం పెట్టబోతుండగా పరిశీలకుల నివేదిక వచ్చింది. మార్గిట్ గారు ఇలా రాసింది: మేము స్వయంగా చూసిన బూత్‌లో ప్రతిపక్షమే గెలిచింది. కాబట్టి మేము చూడని బూత్‌లలో కూడా ఎన్నిక ఇంత స్వేచ్ఛగానే జరిగి ఉంటుందని నమ్మడానికి అవకాశం ఉంది. మహాసంరక్షకుల వారు ఈ వాక్యాన్ని చట్రం కట్టించి గోడకి పెట్టించుకున్నారు. దక్షిణామూర్తి గారు సస్పెన్షన్ కాగితాన్ని చింపి, దాలినాయుడి ప్రొబేషన్ పూర్తయినట్టు కాగితం టైపు చేయించి, తన మార్గదర్శకత్వం వల్లనే ఇది జరిగిందని కింద ఒక పేరా చేర్చారు.

ఈదురువలసలో మూడు రోజులు ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఓట్లు లెక్కపెట్టారట. నిజంగానే పెట్టారట. ఎర్నమ్మ కనపడ్డవాళ్ళందరికీ కుడిచెయ్యి చూపించింది. "ఇదే. ఈ సేత్తోనే." అయిదువందల ముప్ఫై ఎనిమిదిలో తనది ఎన్నోదో చెప్పమని దాలినాయుణ్ణి పట్టుకుని వదల్లేదు. అది చెప్పడానికి వీల్లేదు మామ్మా అంటే, "అయితే మొదటిది," అని తనే ఖాయం చేసుకుంది.

మూడు నెలలకి స్థానిక ఎన్నికలు వచ్చాయి. వాటితో బాటు ఉత్తర్వు యాభై రెండు వచ్చింది. ఈసారి దాని కింద నాలుగు సంతకాలున్నాయి, ఎవరూ వెనకాడలేదు. నూట పదిహేడో బూత్‌ని 'ఆదర్శ ప్రతిపక్ష కేంద్రం'గా ప్రకటించారు. ఇకమీదట ప్రతి ఎన్నికలోనూ అక్కడ జల్లెడకి సరిగ్గా అయిదువందల ముప్ఫై ఎనిమిది, గొడుగుకి సరిగ్గా నలభై ఒకటి రావాలి. ఒకటి పెరగకూడదు, ఒకటి తగ్గకూడదు. ప్రజల పొరపాటు వల్ల అంకె చెడకుండా ఉండటానికి ఓట్లన్నీ వంట గదిలో అధికారులే వేస్తారు. గ్రామస్తులు ముందు గదిలో వరసగా నిలబడి, చుక్క పెట్టించుకుని వెళ్ళవచ్చు. దీని నిర్వహణకి దాలినాయుణ్ణి పదోన్నతి మీద నియమించారు.

"నీ భవిష్యత్తు ఉజ్జ్వలము," అన్నారు దక్షిణామూర్తి గారు భుజం తట్టి. "వెళ్ళి గ్రామస్తులకు తెలియజేసి, ఎన్నికకు పూర్వపు ఆశ శాతము పూరించుకుని రమ్ము. ఆలస్యము వలదు."

దాలినాయుడు బోడెయ్య బడ్డీ దగ్గర కూర్చుని ఉత్తర్వు మొత్తం చదివి వినిపించాడు. స్టవ్ మీద టీ పొంగి మంటలో పడింది. బోడెయ్య చూసుకోలేదు.

"అంటే," అంది ఎర్నమ్మ, "మా ఓటు జల్లెడికే ఏత్తారు."

"అవును మామ్మా."

"మేం కోరిందానికే."

"అవును."

"మమ్మల్ని మాత్రం ఎయ్యనివ్వరు."

దాలినాయుడు తల ఊపాడు. చొక్కా జేబులో పదోన్నతి కాగితం ఉంది. దాన్ని నిన్న రాత్రి తండ్రికి చదివి వినిపిస్తే, ఆయన దుమ్ము చేతులు తుడుచుకుని మరీ దాన్ని ముట్టుకున్నాడు.

"గొడుక్కి ఏసేవోళ్ళే నయం," అన్నాడు బోడెయ్య. "ఆళ్ళు మన ఓటు దొంగిలించినారు. ఈళ్ళు మన మనసు దొంగిలించి మనకే సూపిత్తన్నారు."

దాలినాయుడు కలం మూత తీశాడు. చేయవలసిన పని చేయాలి కనక ఆశ పత్రం పరిచాడు. "మామ్మా, రాసుకోవాలి. ఆశ ఎంత?"

"ఆశ నేదు," అంది ఎర్నమ్మ. ఇది అతను అనుకున్నదే. సున్నా వేయబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు. ఆశ నేదు గానీ, కోపం ఉన్నాది. ఇన్నాళ్ళూ అదీ ఉండీది కాదు. ఒక్కపాలి గుద్దినాక వచ్చినాది. దానికి గడి ఉన్నాదేటి ఇందులో?"

దాలినాయుడు పత్రం పైనుంచి కిందికి చూశాడు. పేరు, వయసు, తండ్రి లేక భర్త పేరు, ఆశ, అధికారి సంతకం. లేదు. అతను ఉత్తర్వు నలభై ఒకటి తీసి చూశాడు, యాభై రెండు తీసి చూశాడు. కోపం గడి గీయమని ఎక్కడా లేదు. గీయకూడదని కూడా ఎక్కడా లేదు.

అతను సంచిలోంచి స్కేలు తీశాడు. ఆశ గడి పక్కన నిలువుగా ఒక గీత గీశాడు. గీత కొంచెం వంకర పోయింది. దాని మీద మరో గీత గీసి సరిచేశాడు. పైన 'కోపం' అని రాసి, పక్కన తన సంతకం పెట్టి, తేదీ వేశాడు. జనం బడ్డీ చుట్టూ ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే అది వరస అయింది.

"ఎంత వెయ్యమంటావు మామ్మా?"

"ఎంత వరకూ ఎయ్యొచ్చు?"

దాలినాయుడు రెండు ఉత్తర్వులూ మళ్ళీ మొదటి నుంచి తిరగేశాడు. ఆశకి పైన హద్దు ఉంది, కింద హద్దు ఉంది. దీనికి ఏ పేజీలోనూ ఏ హద్దూ లేదు.

"ఎంతైనా వెయ్యొచ్చు," అన్నాడు.